రాజుగారి పికప్, పనసపొట్టు కూర

కోనసీమలో పాత బండి కొనాలనుకున్నవాడు ముందు చేసే పని విజయ్ కుమార్ మాస్టారి ఇంటికి వెళ్ళడం. తర్వాత చేసే పని పాడైపోయిన బండి కొనుక్కుని ఇంటికి రావడం. ఇందులో కొన్నవాళ్ళ తప్పెంతో, మాస్టారి తప్పెంతో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. అమలాపురంలో కుర్రాళ్ళకి ముప్పయ్యేళ్ళు డీజిల్ మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చప్పుడు విని ఇంజను వయసు చెబుతారు, పొగ రంగు చూసి దాని రోగం చెబుతారు. సొంతానికి మాత్రం ఒక సైకిలుంది. దాన్ని కొనేటప్పుడు ఎవరినీ సలహా అడగలేదు కాబట్టి ఇప్పటికీ శుభ్రంగా నడుస్తోంది.

ఆయన కంటికి చిక్కని లోపం ఏ బండిలోనూ ఉండదు. ఆయనలో ఉన్న లోపం ఒక్కటే, ఎదురుగా నిలబడ్డ మనిషితో "మీ బండి బాలేదు" అనలేరు. అనలేక అనలేక సొంతంగా ఒక భాష తయారుచేసుకున్నారు. ఆయన "పర్లేదండి" అంటే ఇంజను పోయిందని. "బానే ఉందండి" అంటే పారిపొమ్మని. "కొంచెం చూసుకోవాలండి" అంటే ఎక్కితే ప్రాణం మీదికొస్తుందని. ఈ భాష పూర్తిగా వచ్చిన మనిషి భూమ్మీద ఒక్కరే, ఆయన భార్య రేచల్ టీచరు. బండి బేరానికి వెళ్ళేవాళ్ళు ఆవిణ్ణి వెంటపెట్టుకుని వెళ్ళరు కదా!

రాజోలు నుంచి వచ్చిన కామేశ్వరరావుగారు అలాగే ఆయన "బానే ఉందండి" అన్న జీపు కొన్నారు. అది మొదటి వంతెన ఎక్కింది, దిగలేదు. నెల తిరక్కుండా ఆయనే మళ్ళీ వచ్చి, "మా రాత బాలేదండీ, తమరేం చేస్తారు" అని మాస్టారినే ఓదార్చి, అరటిగెల ఒకటి ఇచ్చి వెళ్ళారు. మనవాళ్ళ మర్యాద అలాంటిది మరి. ముంచినవాడికి కూడా గెల పట్టుకెళ్తారు.

ఆ గెల చూసిన రోజే రేచల్ టీచరుకి ఒళ్ళు మండింది. "మీ నోరు మంచిదేనండి, కాఫీ తాగనంతసేపూ. కాఫీ లోపల పడ్డాక మీరు ఆ ఇంటి చుట్టమైపోతారు. ఇకనుంచి బండి చూడ్డం అయ్యేదాకా అమ్మేవాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోకూడదు" అంది. మాస్టారు "ఆయ్" అన్నారు. నిజంగానే పాటించాలనుకున్నారు కూడా.

ఇంతలో ఉప్పలగుప్తం అవతల, సముద్రం వైపు నుంచి దొరబాబు, అతని భార్య గంగాదేవి వచ్చారు. కౌలుకి రెండు రొయ్యల చెరువులు చేస్తున్నారు. తారు రోడ్డు నుంచి చెరువు గట్టుకి మూడు కిలోమీటర్ల మట్టిదారి, వాన పడితే మోకాలి లోతు బురద. కిందటేడు వాయుగుండానికి కరెంటు పోయింది. నీళ్ళలోకి గాలి కొట్టే ఇంజన్లకి డీజిలు తెస్తున్న ఆటో ఆ బురదలో కూరుకుపోయింది. డబ్బాలు భుజాన వేసుకుని మొగుడూ పెళ్ళాం గట్టు చేరేసరికి రొయ్యలన్నీ ఊపిరాడక తేలిపోయి ఉన్నాయి.

"నాలుగు చక్రాలూ లాగే పికప్పయితే ఆ బురద దాటుద్దంటండి. ఆలమూరు దగ్గర బంగారరాజుగారి కాడ ఒకటుందంటండి" అన్నాడు దొరబాబు.

"మళ్ళీ వాయుగుండం అంటన్నారండి టీవీలో. పంటకింకా నెలుంది" అంది గంగాదేవి. ఆమె చేతులకి గాజుల్లేవు. అవి ఎటు పోయాయో మాస్టారు అడగలేదు, ఆమె చెప్పలేదు. "రెండోసారి తేలితే ఇంక మేం చెరువు చెయ్యలేమండి. మాకు బండి గురించి ఏం తెలీదు. మీ మాటే మాకు మాట" అంది.

మాస్టారు ఈసారి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలని గట్టిగా అనుకున్నారు. శనివారం పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు.

బంగారరాజుగారు గేటు దాకా ఎదురొచ్చారు. చేతులు జోడించి, తలుపు తీసి, కుర్చీలు వేయించి, అవి తనే తువ్వాలుతో తుడిచారు. కోడలు దుర్గాదేవి ఇత్తడి గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. ఆ వాసనకి మాస్టారికి నోరూరింది.

"ముందు బండి చూస్తానండి, తర్వాత..." అన్నారు.

"బండి ఎక్కడికి పోద్దండీ! మా ఇంటి కాఫీ తమరికి చేదా?"

"అబ్బెబ్బే, అది కాదండి..."

పాపం, ఆ గ్లాసు వద్దనడానికి మాస్టారికి చెమటలు పట్టాయి. దొరబాబు మాత్రం గుటుక్కున తాగేశాడు. గంగాదేవి గ్లాసు ముట్టుకోలేదు. ఎందుకని ఆ సమయంలో ఎవరూ అడగలేదు.

కొబ్బరితోటలో పికప్ నిలబెట్టి ఉంది. కడిగి, తుడిచి, నుదుట బొట్టుపెట్టి, నిమ్మకాయలు కట్టి పెళ్ళికొడుకులా తయారుచేశారు. మాస్టారు మొదట బానెట్టు మీద అరచెయ్యి వేశారు. వెచ్చగా ఉంది. అంటే వీళ్ళు వచ్చేలోపే స్టార్టు చేసి ఉంచారు. చల్లగా ఉన్న ఇంజను మొదటిసారి ఎలా అందుకుంటుందో, ఎంత పొగ కక్కుతుందో ఎవరికీ తెలియకూడదన్నమాట.

"పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని ఒకసారి తిప్పుతామండి, అలవాటు" అన్నారు రాజుగారు. అబ్బో, ఎంత భక్తి! "కొబ్బరికాయలు తప్ప ఇంకేం ఎక్కలేదండి దీని మీద."

మాస్టారు తలుపు తీసి కాళ్ళకింద పట్టా ఎత్తారు. మూలల్లో రొయ్యల మేత గుళికలు ముద్దకట్టి ఉన్నాయి. తలుపు అడుగున తెల్లగా ఉప్పు పొర. కొబ్బరికాయలు రొయ్యల మేత తినడం ఆయన ఎక్కడా వినలేదు. ముందు చక్రాల వైపున్న గేరుపెట్టె మర విప్పి వేలు పెట్టి చూస్తే ఆయిలు చిలికిన మజ్జిగలా వచ్చింది. నీళ్ళు లోపలికి పోయి చాలాకాలమైంది. జాకీలు పెట్టి బండి ఎత్తించి, నాలుగు చక్రాల లివరు వేసి, దొరబాబు చేత ఇంజను తిప్పించారు. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ముందువి తిరగలేదు సరికదా, కదల్లేదు కూడా.

తర్వాత గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరారు. అరవయ్యొకటో ఏట ఆ దూరడం చూసి గంగాదేవి "జాగర్త మాస్టారూ" అంది. అడుగంతా కొత్తగా నల్లరంగు కొట్టారు. పాత బండికి పైన రంగు వేస్తే ముచ్చట అనుకోవచ్చు, ఎవరికీ కనపడని అడుగున వేస్తే అనుమానించాలని ఆయన ముప్పయ్యేళ్ళు పిల్లలకి చెప్పారు. చిన్న సుత్తితో చాసీ మీద కొట్టుకుంటూ వెళ్ళారు. ఖణ్ మని, ఖణ్ మని, ఒకచోట డొల్లగా పలికింది. అక్కడ స్క్రూడ్రైవరు నొక్కితే పిడి దాకా దిగిపోయింది. మొత్తం బండి బరువు మోసే ఇనుము అది. ఉప్పునీళ్ళు దాన్ని లోపలినుంచి తినేశాయి, పైన రంగు మాత్రం మిగిలింది.

మాస్టారు బయటికొచ్చి, చేతులు దులుపుకుని, రాజుగారి వైపు చూడకుండా అనేశారు.

"దొరబాబూ, ఈ బండి వద్దు. చాసీ పోయింది. ముందు చక్రాలు లాగవు. బురదలో దిగితే సగానికి విరుగుద్ది."

ఆహా! పుట్టి బుద్ధెరిగాక ఆయన నోటివెంట వచ్చిన మొదటి "వద్దు" అది. రేచల్ టీచరు అక్కడుంటే దిష్టి తీసేది.

రాజుగారికి కోపం రాలేదు. కనీసం మొహం కూడా మారలేదు. "ఆయ్. తమరంతటివారు చెప్పేక ఇంకేముందండి. మాకే తెలీలేదు, ఇవాళ తెలిసింది. చేతులు కడుక్కోండి, విస్తళ్ళు వేసేరు" అన్నారు.

రేచల్ టీచరు నియమం బండి చూడ్డం అయ్యేవరకే. అయిపోయింది కదా! మాస్టారు చేతులు కడుక్కున్నారు.

"శనివారం పూట వచ్చేరు, నీచు పెట్టే యోగం లేకపోయింది, మన్నించాలి" అంటూనే పనసపొట్టు కూర, కంద బచ్చలి, ముక్కల పులుసు, గారెలు, బొబ్బట్లు, గెడ్డపెరుగు వడ్డించారు. రాజుగారు పక్కన నిలబడి స్వయంగా నెయ్యి పోశారు. "మాస్టారు గారూ, ఇంకొక్క గరిటె" అన్నారు. ఆ గారూ అన్న పిలుపుకి మాస్టారు విస్తరి ముందుకి జరిపారు. ఆయన తండ్రి ఏసుపాదం జీవితమంతా ఇలాంటి లోగిళ్ళలో మెట్టు కింద నిలబడి కూలి అడిగినవాడు. కొడుకుని లోపల కూర్చోబెట్టి, వీళ్ళు నెయ్యి పోస్తున్నారు. అది మనసుకి బాగుంది. చాలా బాగుంది. పనసపొట్టు కూర మూడుసార్లు వేయించుకున్నారు.

గంగాదేవి మాత్రం వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. "అప్పనపల్లి సామికి ఏడు శనివారాలు మొక్కుకున్నానండి. సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ ముట్టను" అని దుర్గాదేవికి దణ్ణం పెట్టి చెప్పింది. మొక్కు అన్నాక రాజుగారు కూడా బలవంతం చెయ్యలేకపోయారు.

తాంబూలాల దాకా రాజుగారు బండి ఊసెత్తలేదు. ఎత్తితే పోనీ మాస్టారికి ప్రాణం తేలికపడేది. తిన్నకొద్దీ ఆ ఎత్తకపోవడమే ఆయన్ని నలిపేసింది. చివరికి తమలపాకులు అందిస్తూ మెల్లిగా, "బండి మాట వదిలెయ్యండి, మనుషులు కలిసేం, అంతే చాలు. ఒక్క సందేహమండి మాస్టారూ, ఆ చిల్లు మరీ అంత పెద్దదేనంటారా?" అన్నారు.

"మరీ అంతని కాదనుకోండి..."

"వెల్డింగు పెట్టిస్తే?"

"పెట్టించొచ్చండి."

"ముందు చక్రాలో మరి?"

"కొంచెం చూసుకోవాలండి."

దొరబాబు మాస్టారి మొహంలోకి ఆశగా చూశాడు. అతనూ రెండు బొబ్బట్లు తిన్నవాడే, అతనికీ ఆ ఇంట్లోంచి ఖాళీ చేతుల్తో లేవాలంటే సిగ్గుగా ఉంది. "అయితే బానే ఉన్నట్టేగా మాస్టారూ?" అన్నాడు.

ఒక్క మాట. రెండోసారి "వద్దు" అంటే చాలు. మాస్టారు నోరు తెరిచారు. పక్కనే రాజుగారు చేతులు కట్టుకుని, నవ్వుతూ నిలబడ్డారు.

"బానే ఉందండి" అన్నారు మాస్టారు.

దొరబాబు నడుముకి కట్టుకున్న గుడ్డసంచి ముడి మీద చెయ్యి వేశాడు. స్తంభం దగ్గర్నుంచి గంగాదేవి లేచింది.

"ఏటండీ బానే ఉండడం?"

అందరూ అటు తిరిగారు.

"ఇందాక మీరే వద్దన్నారు కదండీ మాస్టారూ. అప్పట్నించీ బండి అక్కడే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. మీరు లోపలికొచ్చి అన్నం తిన్నారు. ఈలోపు జరిగింది అదొక్కటేగా? చిల్లెలా పూడిందండీ?"

ఆమె రాజుగారి వైపు తిరిగి, చేతులు జోడించి, "మాకొద్దండి ఈ బండి. వస్తామండి" అంది. మొగుడి చెయ్యి సంచి మీదనుంచి తీసేసి, గేటు వైపు నడిచింది. రాజుగారు పొద్దుట్నించీ మొదటిసారి నవ్వడం మానేశారు. తాంబూలం పళ్ళెం లోపలికి పట్టుకెళ్ళిపొమ్మని కోడలికి సైగ చేశారు. సాగనంపడానికి గేటు దాకా ఎవరూ రాలేదు.

తిరుగుదారిలో ఆటోలో దొరబాబు గొణుగుతూనే ఉన్నాడు. "అంత పెద్దమనిషి. కడుపునిండా పెట్టేరు. మొహం మీద అలా అనేత్తావా? తిన్న అన్నానికి..."

"నేను తినలేదుగా" అంది గంగాదేవి.

మాస్టారు రోడ్డు వైపు తల తిప్పుకుని కూర్చున్నారు. మొదట ఆయనకి ఆమె మీదే కోపం వచ్చింది, తనని అందరిలో చిన్నబుచ్చిందని. అది కాసేపే. ఆ తర్వాత వాయుగుండంలో, బురద మధ్యలో, విరిగిపడ్డ బండీ, డీజిలు డబ్బాలు మోసుకుంటూ ఈ పిల్లా కళ్ళముందు కనిపించేసరికి ఆమె వైపు తిరిగారు.

"తప్పు నాదేనమ్మా" అన్నారు.

"అవునండి" అంది గంగాదేవి. కాదనో, పర్లేదనో అంటుందని ఆయన ఎదురుచూశారు. అనలేదు. "ఆ కూర మీకు సాయంత్రానికి అరిగిపోద్దండి. ఆ బండి మాకెప్పటికి అరుగుద్దండి?"

రావులపాలెం దాటాక మళ్ళీ ఆమే అంది.

"కొత్తపేటలో ఇంకో పికప్పుందంటండి. రేపు కాక పై ఆదివారం, చర్చి అయ్యేక మీరు రావాలి."

"ఇంకా నన్నే పిలుస్తావా అమ్మా?"

"బండి చూడ్డం మీ అంత బాగా ఎవరికొచ్చండీ? కేరేజీ నేను తెత్తాను, చేపల పులుసు వండి. అన్నం పెట్టినోళ్ళ మాటే మీ నోటెంట వత్తది కదా. ఈసారి మా అన్నం తిని చెప్పండి."