అమావాస్య తెలియని షెడ్యూల్

మా రొయ్యల ఫ్యాక్టరీలో ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు దాన్ని నడిపే పని నాకు అప్పగించారు. ఏ రోజు ఎంత సరుకు వస్తుంది, ఎంతమంది ఒలవాలి, ఏ ఆర్డరు ముందు వెళ్లాలి, అన్నీ ఇక అదే చెబుతుందని మేనేజర్ గారి నమ్మకం. అంతవరకూ ఆ పని గోడ క్యాలెండర్ మీద పెన్సిలుతో చేసిన సూపర్‌వైజర్ గారిని నెలాఖరుకు పంపించేయాలని కూడా అప్పుడే తేల్చేశారు.

మొదటి వారం స్క్రీన్ మీద ప్లాన్ ముచ్చటగా ఉంది. ఒక్క గంటా ఖాళీ లేదు. గురువారం తణుకు వైపు నుంచి రెండు వ్యాన్లలో రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు వచ్చి, టోపీలు, చేతి తొడుగులు వేసుకుని కూర్చున్నారు. రొయ్యలు రాలేదు. సరుకు పంపాల్సిన చెరువు రైతుకు ఫోన్ చేస్తే నవ్వాడు.

"అమావాస్యకి చెరువు పడతారేంటండి బాబూ!"

మధ్యాహ్నానికి ఆడవాళ్లను వెనక్కి పంపేశాం. సాఫ్ట్‌వేర్ పనికిమాలినదన్నారు మేనేజర్ గారు. అదీ తప్పే. మేం చెప్పనిది దానికెలా తెలుస్తుంది?

సూపర్‌వైజర్ గారి క్యాలెండర్ తిరగేశాను. ప్రతి అమావాస్యకూ పౌర్ణమికీ సున్నా చుట్టి ఉంది. ఆయనేమో చర్చిలో సంఘ పెద్ద.

"మీకు అమావాస్య పట్టింపేంటండి?" అని ఆటపట్టించాను.

"నాకు లేదండి, రొయ్యకుంది. ఆ రోజుల్లో గుల్ల విడుస్తుంది. మెత్తటి సరుకు ఎవరు తీసుకుంటారండి?"

వారం రోజులు నా పక్కన కూర్చుని తనకు తెలిసిందంతా చెప్పారు. గుడ్‌ఫ్రైడేకి ఎంతమంది రారో, వాన పడితే ఏ గట్టు మీద లారీ దిగబడుతుందో, ఏదీ దాచుకోలేదు. అన్నీ ఎక్కించాను. ఆయన విలువ మేనేజర్ గారికి తెలిసొస్తుందని నా ఆశ. ప్లాన్ కుదిరింది.

"అంతా అందులోనే ఉందిగా. ఇంకాయనెందుకండి?" అన్నారు మేనేజర్ గారు.

రేపు కొత్త చెరువు వస్తే సాఫ్ట్‌వేర్‌కి చెప్పేదెవరండీ అని అడగాల్సింది. నోటిదాకా వచ్చింది. నాకూ ఉద్యోగం కావాలి కదా, మింగేశాను. నెలాఖరున ఆయన టిఫిన్ క్యారియర్ పట్టుకుని, నాకు థ్యాంక్స్ చెప్పి మరీ వెళ్లారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ సాఫ్ట్‌వేర్ మన ఉద్యోగాలు తీసేస్తుందని కొత్తవాళ్లు ఇప్పటికీ భయపడుతుంటారు. అదేమీ తీయదని చెబుతాను. ఆయన ఉద్యోగం ఎలా పోయిందో మాత్రం చెప్పను.