పెట్రోలు పంపు మీద అరచెయ్యి

మా మేస్త్రి మంగళవారం పోయారు. ఒక పాత పెట్రోలు పంపుకి ఆయన కావాలని రంగు వెయ్యకుండా వదిలిన జాగా మీద శుక్రవారానికల్లా ఎర్ర ఎనామిల్ పూసేశారు. పూయించింది గంజాం దగ్గర రోడ్డు పక్క హోటలు షావుకారు. ఫోన్ చేసి అడిగితే, "పెచ్చు ఊడినట్టు అగుపిస్తందయ్యా. మీ ముసిలాయనకి రంగు సాల్లేదేమో" అన్నాడు.

మా పనివాళ్ల సంఘం వాళ్లు మేస్త్రి గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలు నాకు రావు. జరిగింది రాస్తాను.

ఒడిశా బరంపురంలో పాతసామాన్లు బాగుచేసే ఆయన షెడ్డు, నా వెల్డింగు కొట్టు ఒకే గోడకు అటూ ఇటూ. మాది సముద్రం ఒడ్డున మార్కండి. పడవ ఇంజన్లు విప్పి, పాడుచేసి, మళ్లీ బిగించి పని నేర్చుకున్నాను. మిగతాది ఫోన్లో చూసి. అందుకని నేను గుమ్మంలో కనబడితే చాలు, "ఏరా, నీ గురువుకి సార్జింగుందేటి?" అనేవారు.

ఆ పంపు కరెంటు అక్కర్లేని కాలంనాటిది. మనిషికంటే ఎత్తు, పైన లావుపాటి గాజు గొట్టం. పక్కనున్న లివరు ఆడిస్తే పెట్రోలు గాజులోకి ఎక్కేది. కొలత బండివాడు కళ్లారా చూశాక కిందికి వదిలేవారు. షావుకారు దాన్ని హోటలు ముందు నిలబెట్టడానికి ఎక్కణ్నుంచో తెచ్చి మేస్త్రికి అప్పగించాడు. తుప్పు తిన్నచోట రేకు అతకడం నా వంతు. లోపల తోలు వాసర్లు చీకిపోతే మేస్త్రి కొత్తవి కోసి, ఆముదంలో నానబెట్టి వేశారు. పంపు షెడ్డులో ఉన్నన్నాళ్లూ బీడీ కాల్చాలంటే రోడ్డు దాటి వెళ్లేవారు.

"అందులో పెట్రోలెక్కడిది మావా?" అన్నాను.

"ఆ సంగతి దానికి తెల్దు కదరా."

రంగు వేసే ముందు పంపు ఒళ్లంతా గుంటలు పూడ్చే లప్పం పెడుతున్నాను. ఛాతీ ఎత్తున ఒకచోట రంగు మొత్తం అరిగి ఇనుము తేలింది. అక్కడ పెట్టబోతే చెయ్యి పట్టుకున్నారు.

"ఏటి సేస్తన్నావురా?"

"ఇక్కడ రంగు పోయింది మావా."

"పోనేదు. నీ ఎడం సెయ్యి అక్కడెట్టు. ఇప్పుడు కుడిసేత్తో లివరాడించు."

ఆడించాను. అరచెయ్యి ఆ అరుగుదలలో సరిగ్గా కూర్చుంది.

"సూసావా? ఇక్కడ నిలబడి రోజల్లా కొట్టినోడు నీలాటోడే. ఆడి పేరెవుడికీ తెల్దు. ఆడి సెయ్యొకటే మిగిలింది. దానికి నువ్వు లప్పమెడతావా ఎదవా?"

అంతా రంగు వేసి, ఆ అరచెయ్యంత జాగా వదిలేశారు. ఏ పాతవస్తువు బాగుచేసినా అలాంటి జాగా ఒకటి వదలడం ఆయన పద్ధతని నాకు అప్పుడు తెలిసింది. సాయంత్రం షెడ్డు మూస్తూ ఆయన కూడా ఒకసారి అక్కడ చెయ్యి ఆనించి వెళ్లేవారు.

చివర్న నీళ్లు పోసి చూశాం. లివరు నేను ఆడించాను. నీళ్లు గాజులో నిదానంగా పైకెక్కాయి, ఎక్కడా చుక్క కారలేదు. పని నచ్చితే ఆయన నోట ఒడియాలో 'సరే' అని ఒకటే మాట వచ్చేది: "హఉ." నా అతుకులన్నీ వేలితో తడిమి ఆ మాట అన్నారు. ఎవరి దగ్గరా పని నేర్చుకోని నాకు సర్టిఫికెట్టు అదొక్కటే.

నిన్న హోటలుకు వెళ్లి చూశాను. కొత్త రంగు ఇంకా మెత్తగానే ఉంది. ఇప్పుడు గీకితే పైపొర ఒక్కటే వస్తుంది. వారం పదిరోజులు పోయి గట్టిపడ్డాక గీకితే చుట్టూ ఉన్న పాత అంచు కూడా లేచిపోతుంది, చెయ్యి ఆకారం ఉండదు.

షావుకారుగారూ, రంగు చాలక కాదు. ఆ జాగా నన్ను గీకనివ్వండి. వచ్చే శనివారం మేస్త్రి పన్నెండో రోజు. ఆ పొద్దున్న భోజనాలకు ఆకులు వేసేలోగా అవునో కాదో చెప్పండి. మీ ఎర్రరంగు మీద నా గోటి గాటు ఒకటి ఉంది. అక్కణ్నుంచి మొదలుపెడతాను.