గూడబాతు పట్టుకెళ్లిన పాట

ఏలూరులో వీధికో సీడీ షాపు వెలిసిన రోజుల్లో మా ఇంట్లో క్యాసెట్లకు విలువ పడిపోయింది. అయితే మా నాన్న దృష్టిలో పారేయాల్సిన వస్తువంటూ ఈ లోకంలో లేదు. పాత క్యాసెట్లలోని టేపంతా బయటికి లాగి, పెదపాడు దగ్గర మేం కౌలుకు చేసే చేపల చెరువు మీద ఈ గట్టు గెడల నుంచి ఆ గట్టు గెడలకు కట్టేశాడు. గాలికి అది జుయ్యిమని మోగుతూ ఎండకు మెరుస్తుంటే పిట్టలు వాలడానికి జంకేవి. ఆ చుట్టుపక్కల చెరువులన్నిటి మీదా అప్పుడు అదే సంగీతం.

"చేపలకి పాటలు వినిపిస్తున్నారాండీ? బాగా బలుస్తాయి లెండి" అని అమ్మ ఎగతాళి చేసేది.

నాన్నకు గూడబాతులంటే ఒళ్లు మంట. కొల్లేరు నుంచి గుంపుగా వచ్చి వాలాయంటే చెరువులో చేపలన్నీ ఊడ్చిపెట్టేవి. "అది పొట్ట కాదే, గోతాం" అనేవాడు.

ఒకరోజు పొద్దున్నే బీరువా సర్దుతూ అమ్మ గట్టిగా పిలిచింది. "ఏవండీ, అత్తయ్యగారి క్యాసెట్ ఏదండీ?"

మామ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. చర్చిలో స్త్రీల కూడికలో ఆవిడ పాడుతుంటే ఎవరో రికార్డు చేసి ఇచ్చారు. ఆవిడ గొంతు మాకు మిగిలింది అందులోనే. దాని మీద పేరు రాయలేదు. సినిమా పాటల క్యాసెట్లతోపాటు ఒకే పెట్టెలో ఉండటంతో నాన్న చూసుకోకుండా దాన్నీ పట్టుకెళ్లిపోయాడు.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "దాని టేపు గోధుమ రంగు. మిగతావన్నీ నలుపు. చెరువు మూలన కట్టాను, మళ్లీ చుట్టేసుకోవచ్చు" అన్నాడు. టేపు లాగేసిన ఆ ఖాళీ క్యాసెట్, నా పెన్సిలు జేబులో వేసుకుని, నన్ను మోపెడ్ ఎక్కించుకున్నాడు.

గట్టు మీద ఇద్దరం ఆగిపోయాం. ఆ మూలనే ఒక గూడబాతు చిక్కుకుని ఉంది. గోధుమరంగు టేపు దాని రెక్కకి, కాలికి, మెడకి చుట్టుకుపోయింది. గూడబాతుల్ని ఆకాశంలోనే చూశాను తప్ప అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నిలబడితే నా నడుం దాకా ఉంటుంది. నీచు వాసన. ముక్కు కింద సంచి ఎగిరెగిరి పడుతోంది. గుండ్రటి కన్ను నన్నే చూస్తోంది. నాకు భయం కంటే జాలే ఎక్కువ వేసింది.

నాన్న తువ్వాలు దాని తల మీద కప్పి, "గట్టిగా పట్టుకోవే అమ్మా" అన్నాడు. దాని గుండె నా చేతుల కింద దడదడా కొట్టుకుంటోంది. ఆయన టేపు తెగకుండా ఒక్కొక్క మెలికే విప్పబోయాడు. విప్పేకొద్దీ మెడ దగ్గర బిగుస్తోంది. పిట్ట నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది.

"నాన్నా, చచ్చిపోతుంది!"

"చూస్తున్నానే." జేబులోంచి బ్లేడు తీశాడు, మళ్లీ ఆగాడు. "మా అమ్మే ఉంటే ఈపాటికి నన్ను తిట్టిపోసేది" అని, మెడ దగ్గర కోసేశాడు. తర్వాత రెక్క దగ్గర. కాలి దగ్గర కోసేలోపే అది టేపు తెంపుకుని, నన్ను తోసుకుని నీళ్ల మీద పరుగెత్తి, బరువుగా గాల్లోకి లేచింది. కాలికి వేలాడుతున్న టేపు ఎండలో మెరుస్తూ కొల్లేరు వైపు వెళ్లిపోయింది. నాన్న గట్టు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి.

మిగిలిన ముక్కని పెన్సిలుతో క్యాసెట్లోకి చుట్టుకుని ఇంటికి తెచ్చి, టేప్ రికార్డర్లో పెట్టాం. ఎండకు సాగిపోయిన టేపులో మామ్మ గొంతు నిద్రమత్తులో ఉన్నట్టు వినిపించింది. ముందు దగ్గింది. "పాడమంటారాండీ?" అని ఎవరినో అడిగింది. పల్లవి అందుకుంది. చరణం మొదలవుతుండగా టక్కున ఆగిపోయింది.

"మిగతాది అది పట్టుకెళ్లింది" అన్నాడు నాన్న.

ఆ తర్వాత కొన్నేళ్లు ఆ చెరువు మా చేతిలోనే ఉంది. గూడబాతులు వస్తూనే ఉండేవి. పక్క చెరువుల వాళ్లు టపాకాయలు పేలుస్తుంటే నాన్న మాత్రం గట్టు మీద నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, వాలే ప్రతి పిట్టనీ పరీక్షగా చూసేవాడు.

"నీ కళ్లు మంచివి కదా, చూడవే. దాని కాలికి ఏమన్నా మెరుస్తోందా?"