పోయని నీళ్లు

ఇన్నేళ్లుగా ఒక పేరును గుండెల మీద మోస్తున్నాను. అది నేను కన్న బిడ్డ పేరు కాదు. అసలు ఎవరికీ పెట్టని పేరు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఊరు ముట్టుకోని పల్లెలో పుట్టినదాన్ని. రాజమండ్రి మిషనులో దొరసాని గారు నాకు చదువూ, మంత్రసాని పనీ నేర్పారు. బిడ్డ దక్కడనిపిస్తే పాస్టరు గారి కోసం ఆగవద్దని, నన్నే తల మీద నీళ్లు పోసి, పేరు పెట్టి దేవునికి అప్పగించమని కూడా నేర్పారు.

వెంకాయమ్మ గారు కాలువ అవతల పెద్ద రైతు ఇంటి కోడలు. మధ్యాహ్నం పూట నేను అరుగు కింద కూర్చుని పాటలు పాడితే, ఆవిడ గుమ్మం లోపల కూర్చుని వినేవారు. యేసును నమ్మారు. బాప్తిస్మం తీసుకుంటే ఇంట్లో ఉండనివ్వరు. తనకు లేకపోయినా కడుపులో బిడ్డకైనా ఆ నీళ్లు పడాలని ఆవిడ ఆశ. బిడ్డ కదిలినప్పుడల్లా, వీడికి అప్పుడే ఆత్మ వచ్చేసిందా అని అడిగేవారు. కడుపున పడ్డనాడే దేవుడు ఎరుగుతాడని చెప్పేదాన్ని. నేనేం చెప్పినా నమ్మేవారు.

నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. ఊరి మంత్రసాని చేతులెత్తేస్తే నన్ను పిలిపించారు. గదిలో, గడప పక్కన మంచినీళ్ల బిందె ఉంది. దాన్ని ముట్టుకోవద్దని, కావలిస్తే అడగమని, తామే పోస్తామని అత్తగారు ముందే చెప్పారు.

మగబిడ్డ. ఊపిరి పీల్చాడు. ఏడవలేదు. పెదవులు నల్లబడుతున్నాయి. కాచి ఇచ్చిన నీళ్లన్నీ అప్పటికే నెత్తురై ఉన్నాయి. నీళ్లు కావాలని కేకేశాను. అత్తగారు కొడుకును పిలవడానికి వెళ్లినట్టున్నారు, ఎవరూ పలకలేదు. బిందె చేతికందే దూరంలోనే ఉంది. చెయ్యి చాపాను.

ముట్టుకోలేదు.

నా చిన్నప్పుడు ఊరి బావిలో చేద వేసినందుకు మా నాన్నను కట్టేసి కొట్టారు. ఆ దెబ్బల చప్పుడు మళ్లీ నా చెవిలో పడింది. దేవుని ముందు అందరూ ఒకటేనని ఊరూరా తిరిగి చెప్పినదాన్ని, ఎదుటివాళ్లు నమ్మేదాకా వదలనిదాన్ని, ఆ బిందె ముందు మాత్రం నా చెయ్యి నా మాట వినలేదు. బిడ్డ నా ఒళ్లోనే చల్లబడ్డాడు. తర్వాత అత్తగారు వచ్చి, అదే బిందెలోంచి నీళ్లు ముంచి పోశారు, నేను చేతులు కడుక్కోవడానికి.

వెంకాయమ్మ గారు కళ్లు తెరిచారు.

"పోశావా అమ్మా?"

"పోశానండి."

"పేరేం పెట్టావు?"

"సమూయేలండి."

ఆవిడ ఆ పేరును పెదవులతోనే అనుకుని, ఏడుస్తూ నా చెయ్యి పట్టుకున్నారు. ఆ ఇంట్లో ఎవరైనా నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

జాలితో అన్నానా ఆ మాట? కొంత జాలే. మిగిలినదంతా, ఎందుకు పోయలేదని అడుగుతారేమోనన్న భయం. చాలాకాలానికి, ఎవరి సంగతో అన్నట్టు పాస్టరు గారిని అడిగాను. నీళ్లు పడలేదని దేవుడు పసివాణ్ణి తోసెయ్యడు, వాడు ఆయన చేతుల్లోనే ఉన్నాడని ఆయన అన్నారు. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. అయినా నాకెందుకు నిద్ర పట్టదు? బిడ్డకు నీళ్లు అక్కర్లేకపోవచ్చు, సరే. వాళ్లమ్మకు నిజం చెప్పాలా వద్దా? బిడ్డ ఆత్మ గురించి బెంగపడుతున్నానని నన్ను నేనే ఎన్నాళ్లు మభ్యపెట్టుకున్నానో.

ఆవిడకు మళ్లీ పిల్లలు కలగలేదు. మొన్న వర్షాకాలంలో జ్వరంతో మంచం పట్టి నాకు కబురు పెట్టారు. మంచం గుమ్మం దగ్గరికి లాగించుకుని, "సమూయేలు దగ్గరికి పోతున్నానే. నువ్వొచ్చాక వాడికి నిన్ను చూపిస్తాను, నీకు పేరు పెట్టింది ఈవిడేరా అని," అన్నారు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. తలూపాను.

ఆవిడ పోయారు. ఈపాటికి అక్కడ బిడ్డను ఆ పేరుతో పిలిచే ఉంటారు. ఎవరైనా పలికారో లేదో. నేను వెళ్లేసరికి ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంటారేమోనని నాకు భయం.

అందుకే, అప్పుడు అనాల్సిన మాట ఇప్పుడు మీ ముందు అంటున్నాను. అంటుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

పోయలేదండీ, వెంకాయమ్మ గారూ. బిందె ముట్టుకోలేకపోయాను.