క్యాసంబళ్ళిలో ఒక పొయ్యి మళ్ళీ వెలిగిన పొద్దు

పోయిన ఏడాది మా అన్న కూతురి పెళ్ళికని ఇంటిల్లిపాదీ విమానాల్లో తిరిగాం. ఆ పొగకు ప్రాయశ్చిత్తంగా, క్యాసంబళ్ళి దగ్గర ఒక రైతు ఇంటికి గోబర్ గ్యాస్ కట్టించే పథకానికి డబ్బు ఇచ్చాను. ఫొటో వచ్చింది, సర్టిఫికెట్ వచ్చింది. నెల కిందట ఆ ఇంటి ఇల్లాలు మునిరత్నమ్మ ఫోన్ చేసి, పొయ్యి వెలగడం లేదనీ, మళ్ళీ కట్టెలతోనే వండుతున్నాననీ, దగ్గు తిరగబెట్టిందనీ చెప్పింది. నా సర్టిఫికెట్ బీరువాలో భద్రంగా ఉంది, పొగ మాత్రం ఆమె గొంతులోకి పోతోంది. నాకు సిగ్గేసింది. గ్యాస్ తయారయ్యే పేడగుంత బాగుచేశాం, గురువారం వెలిగించి చూస్తామని మళ్ళీ కబురు రాగానే బయలుదేరాను.

తెల్లవారే బెంగళూరులో రైలెక్కితే సుమారు మూడు గంటల్లో కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్. చేరవచ్చు. పనులకు బెంగళూరు వచ్చే రైళ్ళే కిక్కిరిసి ఉంటాయి, అటు పోయేదాంట్లో కాళ్ళు చాపుకొని కూర్చున్నాను. అక్కడి రాబర్ట్‌సన్‌పేటలో కడుపు నిండా ఇడ్లీ తిని, రానూపోనూ ఆరువందలకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు జోసెఫ్ వాళ్ళ నాన్న గనిలో పనిచేసినవాడు.

"పేడ పొయ్యి చూసేదానికి అంత దూరం నుంచి వచ్చినారా అమ్మా?" అని నవ్వాడు. ఆటో స్టార్ట్ చేస్తూ, "మా నాయన మైన్‌లో పొగ మింగి మింగి దగ్గుతానే పోయినాడు. చూడాల్సిందేలేమ్మా" అన్నాడు.

అరగంట దాటాక ఊరు వచ్చింది. మునిరత్నమ్మ భర్త నారాయణప్ప నన్ను నేరుగా పేడగుంత దగ్గరికి తీసుకెళ్ళాడు. వాళ్ళు పట్టుపురుగులు కూడా పెంచుతారు; ఒక్కో పంట తీశాక, తెగులు రాకుండా పురుగుల గదిని బ్లీచింగ్ పౌడర్ నీళ్ళతో కడుగుతారు. తప్పు అక్కడే జరిగింది.

"శుభ్రంగా కడిగినామమ్మా. ఆ నీళ్ళు యాడికి పోతాయి? కొట్టం కాలువలో పడి గుంతలోకే పోయినాయి. గ్యాసు చేసే క్రిములన్నీ చచ్చిపోయినాయి" అన్నాడు తల గోక్కుంటూ.

గుంత తోడేసి, కొత్త పేడ కలిపి, పాలకు తోడు పెట్టినట్లు పక్కింటి గుంతలోని పేడనీళ్ళు నాలుగు బిందెలు పోశారట. కాలువను కూడా వేరే దారికి మళ్ళించారు.

మునిరత్నమ్మ అగ్గిపుల్ల గీసింది. పొయ్యి బుస్సుమని ఆరిపోయింది. నారాయణప్ప గొట్టంలో చేరిన నీళ్ళు వంచేసి వచ్చాడు. రెండో పుల్లకు మంట నీలంగా నిలబడింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి పొగవల్ల వచ్చినవి కావు. ఆమె మాత్రం మంటను చూడనైనా లేదు, ఎసరు పెట్టేసి, "ఇంగ ఆ కట్టెలు బయట పడేయప్పా, దావకు అడ్డంగా ఉండాయి" అంది భర్తతో.

ఆ ఒక్క పొయ్యితో మా విమానాల పొగంతా తీరిపోయిందని అనుకునేంత అమాయకురాలిని కాను. కానీ ఆ గంటసేపు వంటింట్లో కూర్చున్నాను, ఆమె ఒక్కసారి కూడా దగ్గలేదు. తిరుగు రైల్లో హాయిగా నిద్రపోయాను. మీరూ ఇలాంటి పథకానికి డబ్బు ఇచ్చి ఉంటే సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకండి, వంటవేళకు వెళ్ళి పొయ్యి చూడండి. నాలాగా ముందే ఇడ్లీలు తిని మాత్రం వెళ్ళకండి. రాగిసంగటి, ఉలవచారు పెట్టకుండా ఆ ఇంట్లోంచి కదలనివ్వరు.