టాస్ వద్దన్న రోజు

టాస్ అంటే నాకు ఒళ్లు మంట. చదువుకునే రోజుల్లో ఒక కబడ్డీ ఫైనల్లో స్కోరు సమమైతే బొమ్మా బొరుసా వేశారు. అవతలి జట్టు నాణెం గెలిచింది, ముందు కూతకు వచ్చింది, ఒక పాయింటు కొట్టింది, అంతే, ఆట అయిపోయింది. మాకు కూతకు వెళ్లే వంతే రాలేదు. అంతసేపు మట్టిలో పొర్లి ఆడిన ఆటను ఒక రూపాయి బిళ్ల తేల్చడమేమిటని ఆ రోజు ఏడ్చాను. వ్యాయామ టీచర్నయ్యాక ఆ ఏడుపు కోపమైంది. స్టాఫ్ రూములో ఎవరు దొరికితే వాళ్లకు ఈ కథ చెప్పేదాన్ని. "మేడం టాస్ పురాణం సురూ చేసింది, పాండ్రి పోదాం" అని అందరూ లేచిపోయేవాళ్లు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, వానలు ముఖం చాటేసిన ఒక ఏడు, మక్తల్ అవతల ఒక ఊళ్లో ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెట్టారు. మా బడి పిల్లలు మొదటి రోజే ఓడిపోయారు కాబట్టి ఫైనల్‌కు నన్ను రిఫరీని చేశారు. ఒక జట్టు ఆ ఊరిదే. రెండోది కోస్గి వైపు నుంచి వచ్చింది. గెలిచిన జట్టు కెప్టెన్‌ను స్పోర్ట్స్ హాస్టల్‌కు పంపిస్తామని పోటీలు పెట్టిన పెద్దలు మాటిచ్చారు. సీటు ఒకటే.

ఆ ఊరి కెప్టెన్ ఒక గొర్లకాపరి బిడ్డ, తొమ్మిదో తరగతి. బక్కపలచని పిల్ల, దమ్ము మాత్రం గట్టిది. ఆటకు ముందు వాళ్ల నాయిన భుజాన గొంగడితో నా దగ్గరకు వచ్చాడు.

"గెలిస్తే హాస్టల్‌కు తోల్త మేడం, సదువుకుంటది. ఓడితే రేపే నాతోని మందెంబడి కృష్ణ దిక్కు వస్తది. ఈడ మేత లేదు, నాకు ఇంకో మనిషి లేడు. బడి బంద్."

"బిడ్డ బతుకును గిట్ల ఆట మీద పెడ్తరా?" అని కసురుకున్నాను.

"నేనేడ పెట్టిన మేడం? అదే పట్టువట్టి నాతోని మాట తీసుకున్నది."

ఆట సమమైంది. చెరి ఐదు కూతలు అదనంగా ఇచ్చాం. మళ్లీ సమమే. నిర్వాహకుడైన సారు జేబులోంచి నాణెం తీశాడు. నా కోపం నషాళానికంటింది.

"ఆ బిళ్ల జేబుల పెట్టుకోండ్రి సారూ! టాస్ గెలిచినోళ్లకు ముందు కూత, ముందు పాయింటు, ఆట ఖతం. రెండోళ్లు ఏం పాపం చేసిండ్రు?"

"మరెట్ల మేడం?"

పిల్లలు సరదాగా ఆడుకునే దమ్ము పందెం గుర్తొచ్చింది. ఒక్క ఊపిరి మీద ఎవరు ఎక్కువసేపు కూత పెడితే వాళ్లు గెలిచినట్టు. ఒకరి తర్వాత ఒకరు పెడితే రెండో మనిషికి ఎంతసేపు ఆపుకోవాలో తెలిసిపోతుంది, అదీ అన్యాయమే. అందుకని ఇద్దరు కెప్టెన్లూ ఒక్కసారే కూత పెట్టాలన్నాను. ఎవరి దమ్ము ముందు తెగితే వాళ్లు ఓడినట్టు. అందరూ సరేనన్నారు. అప్పుడు నా గర్వం చూడాలి!

నడిమి గీతకు అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలబడ్డారు. ఊపిరి తెగితే తెలియాలని నేను గీత మీద వాళ్ల పక్కనే నిలబడి ఇద్దరి వీపుల మీద చెరొక అరచెయ్యి పెట్టాను. ఎవ్వరూ నోరెత్తొద్దని జనానికి చెప్పి విజిల్ వేశాను.

మొదట రెండు గొంతులూ విడివిడిగా వినిపించాయి. ఈ ఊరి పిల్లది బొంగురు గొంతు, కోస్గి పిల్లది సన్నగొంతు. కాసేపటికి రెండూ దగ్గరపడ్డాయి. ఇంకాసేపటికి ఏది ఎవరిదో నాకు తెలియలేదు. ఒక్కటే గొంతు. మైదానం అంచున ఎండుగడ్డి కొరుకుతున్న గొర్ల మంద మేత మాని తలలెత్తింది. గాలి ఎప్పుడు పడిపోయిందో గమనించలేదు.

కోస్గి పిల్ల పెదవులు మూసుకుని ఉన్నాయి. ఆగిపోయిందనుకుని ఇటు తిరిగాను. ఈ పిల్ల పెదవులూ మూసుకునే ఉన్నాయి. నా రెండు అరచేతుల కింద ఏ కదలికా లేదు. కూత మాత్రం నడుస్తూనే ఉంది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. తొందర లేకుండా, ఊపిరి తీసుకోకుండా, సరిగ్గా నా చెవి ఎత్తులో. ఒక చెయ్యి తీసి నా పెదవులు తడుముకున్నాను, నేనే అంటున్నానేమోనని. నేను కాదు.

తర్వాత అది ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనంలో ఒక పసిబిడ్డ గుక్కపెట్టి ఏడ్చింది. అందరూ నా వైపే చూస్తున్నారు.

ఎవరు ముందు ఆగారు? నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన నా చేతులను భయంలో నేనే మరిచిపోయాను. కోస్గి పిల్ల వగరుస్తోంది. గొర్లకాపరి బిడ్డకు రొప్పు కూడా లేదు. నన్నే చూస్తూ నిమ్మళంగా నిలబడింది. ఆ నిమ్మళం చూసి హడలిపోయాను. ఆ గొంతు ఈ పిల్లలోంచే వచ్చిందనిపించింది. కోస్గి పిల్ల చెయ్యి పట్టుకుని పైకెత్తాను. అది తీర్పు కాదు, భయం.

స్కోరు కాగితం రాస్తుంటే కోస్గి పిల్ల నా పక్కన చేరింది.

"మేడం, నేనే ముందుగాల ఆగిన. ఆమెది ఇంకా నడుస్తుండె. నాకు ఇనవడ్డది."

కాగితం చింపొచ్చు. మైకు నాలుగడుగుల దూరంలోనే ఉంది. కానీ అంతమంది ముందు న్యాయం న్యాయమని అరిచినదాన్ని, ఇప్పుడు నాకు తెలియదని ఎట్లా చెప్పను? "ఊకో బిడ్డా, అయిపోయింది" అని సంతకం పెట్టాను. సిగ్గులేనిదాన్ని.

మర్నాడు పొద్దున బస్సు ఎక్కకుండా మళ్లీ ఆ మైదానానికి వెళ్లాను. పక్కనున్న గుట్ట ప్రతిధ్వని ఇచ్చిందేమోనని ఆశ. గుట్ట వైపు తిరిగి గట్టిగా కూత పెట్టాను. రెండుసార్లు పెట్టాను. గుట్ట ఏమీ పలకలేదు.

అప్పుడే మంద బయలుదేరి ఆ దారిన వచ్చింది. ముందు నాయిన, వెనక ఆ పిల్ల. ఆమె బడి సంచిలోంచి ఒక గొర్రెపిల్ల తల బయటికి పెట్టి చూస్తోంది. ఉరుక్కుంటూ వెళ్లి ఆయనకు అడ్డం పడ్డాను. పెద్దలతో మాట్లాడతాను, బిడ్డను తీసుకుపోవద్దన్నాను.

"సీటు ఒక్కటే గద మేడం" అన్నాడాయన. గొంతులో కోపం కూడా లేదు. "బొమ్మా బొరుసా ఏసి ఓడితే దేవుడు గట్ల రాసిండనుకుందుము. మీరు చెయ్యి వెట్టి ఓడగొట్టిండ్రు."

మంద ముందుకు పోయింది. ఆ పిల్ల నా దగ్గర ఆగింది. ఎకసెక్కం లేదు, నిష్ఠూరం లేదు, క్లాసులో అర్థం కానిది అడిగినట్టే అడిగింది.

"మేడం, నాది ఎప్పుడు ఆగిందో నాకే ఎర్కలేదు. మీకెట్ల ఎర్కైంది?"

గొర్లు దూరమవుతున్నాయని వాటి వెంట ఉరికింది.