పాన్‌డబ్బాలో కొమ్ము పురుగు

ఆ రోజుల్లో పెళ్లికొడుక్కి ఉద్యోగం ఉంటే చాలు, నోరు లేకపోయినా నడిచిపోతుందని నా గట్టి నమ్మకం. మెదక్‌లో సైన్సు మాస్టరుగా కొత్తగా చేరాను. క్లాసులో గలగలా మాట్లాడేవాణ్ణి, పెళ్లిచూపుల్లో మాత్రం గొంతు పట్టేసేది. అలా ఒకటి రెండు సంబంధాలు "పిల్లగాడు మూగోడా ఏంది?" అంటూ తప్పిపోయాయి. (కాదని చెప్పడానికైనా నేను నోరు తెరవలేదు.) ఈసారి రామాయంపేట సంబంధం. వెంట వచ్చిన మేనత్త బస్సులోనే చెప్పేసింది: "గీడ గూడ నోరు తెరువకుంటే నీ తిప్పలు నువ్వే పడు. నేనైతే మల్ల రాను."

బయల్దేరేటప్పుడు మా ఇంటి యజమాని చాచా తన ఇత్తడి పాన్‌డబ్బా చేతికిచ్చి, "తీస్కపో బేటా. మాట ఖాయమైనంక పెద్దమనిషికి పాన్ ఇయ్యి, ఇజ్జత్‌గుంటది" అన్నాడు. పై అరలో ఆకులు, కింది అరలో వక్కలు. రామాయంపేటలో బస్సు దిగి నడుస్తుంటే, పెంటకుప్ప పక్కన వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్న కొమ్ము పురుగు కనిపించింది. బొటనవేలంత లావు, నల్లగా నిగనిగలాడే ఒళ్లు, తల మీద వెనక్కి వంగిన కొమ్ము. మర్నాటి పాఠానికి ఇంతకంటే ఏం కావాలి? వక్కలు జేబులో పోసుకుని దాన్ని కింది అరలో పెట్టేశాను. మాట ఖాయమైతే గదా డబ్బా తెరిచేది, నా సంగతి నాకు తెలియదా?

పిల్ల తండ్రికి పాన్ లేనిదే పూట గడవదని నాకేం తెలుసు? చాయ్ తాగగానే "జర గా డబ్బా ఇటియ్యుండ్రి సారూ" అని తీసుకుని, పై అర ఎత్తి, చూడకుండానే వేళ్లు పెట్టాడు. పురుగు ఆయన వేలిని కాళ్లతో కరుచుకుని కిర్రుమంది. ఆయన అదిరిపడి చెయ్యి విదిలిస్తే, అది ఎగిరొచ్చి ఎదురుగా కూర్చున్న పిల్ల కొంగు మీద వాలింది. మా మేనత్త కళ్లు మూసుకుంది. ఈ సంబంధమూ పోయింది, ఇక ఈ జన్మకింతే అనుకున్నాను.

పిల్ల కొంగు దులపలేదు. వంచిన తల వంచుకునే, "ఈ కొమ్ముతోని ఏం జేస్తది?" అని అడిగింది.

నా గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. పొడుగు కొమ్ముంటే మగదని, దాంతో సాటి మగపురుగుల్ని నెట్టేస్తుందని చెప్పాను. దాన్ని అరచేతిలోకి తీసుకుని, పొట్ట కింది ఎర్రటి నూగు, కాళ్లకున్న రంపపు పళ్లు, గట్టి పైరెక్కల కింద మడిచి దాచుకున్న పల్చటి రెక్కలు, అన్నీ చూపించాను. ఆమె తలెత్తి చూసింది (పురుగునే అనుకోండి). ఆమె తండ్రి వేలు రుద్దుకుంటూ "సారుకు మాటలు మస్తుగొస్తయ్" అన్నాడు.

వారం తిరక్కుండా ఖాయమని కబురొచ్చింది. పెళ్లయ్యాక, నన్నెందుకు ఒప్పుకున్నావని అడిగాను. "అందరొచ్చి నన్ను జూసి పోయిండ్రు. మీరొక్కలే నాకేమన్న జూపెట్టిండ్రు" అంది. చెమటలు కక్కుతూ, అరచేతిలో పురుగును తిప్పి తిప్పి చూపించిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.